ఇటుకల మీద డ్రైవరు

పట్టణంలో సిటీ బస్సు నడిపే ఆ డ్రైవరుకు నెలలు నిండుతున్నాయన్న కబురు ఒక్క పూటలో డిపో అంతా పాకిపోయింది. పాకించినవాడు అతని కండక్టరే. మర్నాటి డ్యూటీ మారిందని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళి, తీసి ఉన్న తలుపులోంచి తొంగి చూశాడు. ముందుగదిలో డ్రైవరు కడుపు మీద దిండు కట్టుకుని, రెండు ఇటుకల మీద గొంతుక్కూర్చుని, కిటికీ ఊచలు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. ఎదురుగా కుర్చీలో, నిజంగానే నెలలు నిండుతున్న అతని భార్య చేతిలో ఇనప తీగ, కటింగ్ ప్లయర్ పెట్టుకుని, ఇంకొంచెం కిందికి దిగమని, మడమలు ఆనించమని చెబుతోంది. కండక్టరు వచ్చిన పని మర్చిపోయి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డిపోలో "ఎన్నో నెల అన్నా?" అని అడగనివాడు లేడు. క్యాంటీన్‌వాడు కూడా పుల్లటిదేమైనా పెట్టమంటారా అని అడిగాడు.

ఇంత గొడవకూ మూలం ఆ ఇంటావిడ చేసే పని. ఆమె గుడ్డబొమ్మలు చేస్తుంది. పిల్లల బళ్ళకీ, షాపులకీ, అడిగినవాళ్ళకీ. ముందు తీగతో మనిషి ఎముకల గూడు కట్టి, దానికి దూది చుట్టి, పైన గుడ్డ కుడుతుంది. కాగితం మీద గీసుకోవడం ఆమెకు చేతకాదు. ఎదురుగా ఒక మనిషి కూర్చునో నిలబడో ఉంటే, ఆ ఒళ్ళు చూస్తూ తీగ వంచుతుంది. వంచిన తీగ ఏ ఆసరా లేకుండా బల్ల మీద తనంతట తాను నిలబడాలి. పడిపోతే విప్పేసి మళ్ళీ మొదలు. పడిపోయే బొమ్మని చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళివారి ఇంట్లో షోకేసులో ఒరిగిపోయిన బొమ్మ కనిపించినా, భోజనం మానేసి దాన్ని సర్దే రకం.

ఈసారి బొమ్మలు అడిగింది ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద సిస్టరు. ఆవిడ కాన్పుల వార్డు చూసుకుంటూనే, అదే ఆవరణలో నర్సింగ్ బడిలో పాఠాలు కూడా చెబుతుంది. లోకంలో ఆడవాళ్ళు ఎక్కడెక్కడ, ఏయే కాలాల్లో, ఎలా కూర్చుని, ఎలా నిలబడి పిల్లల్ని కన్నారో చూపించే బొమ్మలు కావాలంది. వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఇటుకల మీద గొంతుక్కూర్చుని కన్న ఆవిడ ఒకటి. దూలానికి కట్టిన తాడు పట్టుకుని నిలబడి కన్న ఆవిడ ఒకటి. యూరప్‌లో మంత్రసాని ఇంటింటికీ మోసుకెళ్ళిన పీట, ముందువైపు అర్ధచంద్రంలా కోసేసిన పీట, దాని మీద కూర్చున్న ఆవిడ ఒకటి. మోకాళ్ళ మీద ఒకావిడ, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించిన ఆవిడ ఒకటి, పక్కకి తిరిగి పడుకున్న ఆవిడ ఒకటి, ఇంకొకరి ఒళ్ళో కూర్చున్న ఆవిడ ఒకటి.

మంచం మీద వెల్లకిలా పడుకుని కనడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అనుకుంటారు గానీ, అది అంతటా వ్యాపించి కొన్ని వందల ఏళ్ళే అయిందని సిస్టరు చెప్పింది. పనిముట్లతో వైద్యులు వచ్చాక, వాళ్ళు నిలబడి చూసుకోవడానికి అలా వీలుగా ఉండేదట. అది తప్పని కాదు, ఒక్కోసారి అదే కావాల్సి వస్తుందని కూడా చెప్పింది. కానీ కడుపుతో ఉన్న పిల్లలు వార్డులోకి వచ్చి మంచం చూడగానే, ఇక దాని మీద కట్టెలా పడుకోవడం తప్ప గతి లేదనుకుంటారు. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసే బొమ్మలు ఉంటే ఆ భయం కొంత పోతుందని ఆవిడ ఆశ.

బొమ్మలావిడ వెంటనే ఒప్పుకుంది. తీరా మొదలెట్టాక తెలిసింది, తను వంగలేదు, లేవలేదు, అద్దం ముందు గొంతుక్కూర్చుంటే మళ్ళీ లేపడానికి ఇద్దరు కావాలి. అందుకని మొగుణ్ణి పిలిచి దిండు కట్టింది.

డ్రైవరు కాదనలేదు. కాదనలేకపోవడానికి వేరే కారణం ఉంది. ఆరేళ్ళ కిందట పెద్దపిల్ల పుట్టినప్పుడు, నొప్పులు మొదలైన కాసేపటికి అత్తగారు ఫ్లాస్కు చేతికిచ్చి టీ పట్టుకు రమ్మంది. అతను వెళ్ళాడు. టీ పోయించుకున్నాడు. కాళ్ళు ఆసుపత్రి వైపు తిరగలేదు. డిపోకు వెళ్ళి, ఆగి ఉన్న తన బస్సెక్కి, తన సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. ఎవరో వెతుక్కుంటూ వచ్చి ఆడపిల్ల అని చెప్పేదాకా దిగలేదు. రక్తం అంటే అతనికి భయం. డిపోలో రక్తదానం పెడితే, పక్క మంచం మీద ఎవరికో సూది గుచ్చడం చూసి ఇతను పడిపోయాడు. ఇచ్చినవాడు లేచి ఇతనికి పళ్ళరసం తాగించాడు.

భార్య ఎప్పుడూ దెబ్బలాడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళతో, మా ఆయన టీ కోసం బాగా దూరం వెళ్ళారని నవ్వుతూ చెప్పేది. అతనూ నవ్వేవాడు. దెబ్బలాడి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాడు.

ఇటుకల మీద కూర్చోబెట్టిన రోజే, దిండు తాళ్ళు విప్పుతూ ఆమె అసలు సంగతి అడిగింది. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో కాన్పు గదిలోకి తోడుగా ఒక్కరిని రానిస్తున్నారు. ఎవరు లోపలికి వస్తే చివరిదాకా వాళ్ళే. మధ్యలో ఒకరు పోయి ఇంకొకరు రావడం కుదరదు.

"అప్పుడు లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. కాళ్ళు పైకి కట్టేసి పడుకోబెట్టారు. ఫ్యాను చూస్తూ పడి ఉన్నాను. తలుపు బయట మీ గొంతు వినిపిస్తుందేమోనని చెవి అక్కడే పెట్టుకుని ఉన్నానండీ," అంది. "ఈసారి మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి, అమ్మని తీసుకెళ్తాను. నాకేం కోపం రాదు. కానీ లోపలికొచ్చి మధ్యలో వెళ్ళిపోయారనుకోండి, నేను ఒక్కదాన్నే అయిపోతాను."

ఉంటానన్నాడు. సిగ్నలు పడకముందే బండి తీసినట్టు, ఆలోచించకుండా అనేశాడు. ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్రపోలేదు. ఉంటానన్న మనిషి నిజంగా ఉండగలడో లేదో ఆమెకు తెలియదు, పోనీ తనకు తెలుసా అంటే, తనకూ తెలియదు. ఆ దిగులుతోనే ఆమె ఎలా కూర్చోమంటే అలా కూర్చున్నాడు. పెరట్లో దండెం కొక్కేనికి తాడు కట్టి దానికి వేలాడాడు. నాలుగు కాళ్ళ మీద ఉండమంటే ఉన్నాడు. పెద్దపిల్ల బడినుంచి వచ్చి, నాన్నకి తమ్ముడు పుడతాడా చెల్లెలు పుడుతుందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆడుకోవడానికి పోయింది.

బొమ్మలన్నీ అయ్యాక అట్టపెట్టెలో పేర్చి ఇద్దరూ నర్సింగ్ బడికి తీసుకెళ్ళారు. సిస్టరు వాటిని బల్ల మీద వరసగా నిలబెట్టింది. చుట్టూ తెల్లబట్టల ఆడపిల్లలు మూగారు. సిస్టరు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో బొమ్మనీ ముందునుంచీ పక్కనుంచీ చూసింది. ఈజిప్టు ఆవిణ్ణి వేలితో మెల్లగా తాకితే, ఆవిడ వెనక్కి వెల్లకిలా పడిపోయింది. బొమ్మలావిడ మొహం మాడిపోయింది.

సిస్టరు కోప్పడలేదు. పని చాలా నాణ్యంగా ఉందని, కుట్లు ముద్దొస్తున్నాయని అంది. "ఒక్కటే అర్థం కావడం లేదమ్మా. ఈ తల్లులందరికీ కడుపు రొమ్ముల కిందే మొదలైంది. కనబోయేవేళకి కడుపు దిగుతుంది కదా. మడమలు గాల్లో ఉన్నాయి. తొడలు బిగబట్టారు. నడుములు సీటుకి ఆనుకున్నట్టు ఉన్నాయి. నువ్వు ఎవర్ని చూసి చేశావు?"

బొమ్మలావిడ గుమ్మం వైపు చూసి, ఆయనకే దిండు కట్టానంది. ఖాళీ అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డ భారీ మనిషిని అందరూ చూశారు. బొజ్జ చూశారు. ఆ బొజ్జ పైన దిండు కడితే ఎక్కడికి వస్తుందో ఎవరికి వాళ్ళు లెక్క కట్టుకున్నారు. ముందు ఒక పిల్ల నవ్వింది, తర్వాత గది గదంతా నవ్వింది, చివరికి సిస్టరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. లోకంలో ఏ కాలంలోనూ, ఏ దేశంలోనూ బిడ్డను కనని ఒళ్ళు ఒకటి ఉంటే, దాన్నే చూసి ఆ మొగుడూ పెళ్ళాలు అన్ని కాలాల తల్లుల్నీ తయారు చేసుకొచ్చారు.

సిస్టరు అతన్ని అంతటితో వదల్లేదు. రండి నాయనా, తప్పెక్కడుందో చూద్దామని, నేల మీద చాప వేయించి గొంతుక్కూర్చోమంది. రోజంతా సీట్లో కూర్చునే ఒళ్ళు, చీలమండలు బిగుసుకుపోయి మడమలు నేలకు ఆనడం లేదు. తువ్వాలు మడతపెట్టి మడమల కింద దోపింది. అప్పుడు ఆనాయి, ఒళ్ళు కుదుటపడింది. పళ్ళు బిగించొద్దంది. దవడ బిగిస్తే ఒళ్ళంతా బిగుసుకుంటుందట. ఇలా కూర్చుంటే బిడ్డ బరువే బిడ్డని కిందికి దింపుతుందని, కటి ఎముకల మధ్య చోటు కాస్త పెరుగుతుందని నర్సు పిల్లలకు చెప్పింది. పాఠం మధ్యలో అతని మోకాలు పటుక్కుమంది.

తర్వాత ఎత్తు తక్కువ స్టూలు ఒకటి గోడకు జరిపి, అతన్ని దాని మీద కూర్చోబెట్టి, భార్యను అతని ముందు, అతని మోకాళ్ళ మధ్య మెల్లగా వంగి ఆనుకోమంది. ఆమె చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి పట్టుకోమంది. మొగుడి ఒళ్ళో ఇలా కూర్చుని కన్న ఆడవాళ్ళు లోకంలో బోలెడుమంది అని కూడా అంది. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి.

వచ్చేటప్పుడు అట్టపెట్టె కారణంగా వెనకబడ్డట్టు నటించి, రక్తం చూస్తే తనకు కళ్ళు తిరుగుతాయని సిస్టరుతో మెల్లగా చెప్పాడు.

"చూడాల్సింది మేము. మీరు వెనక ఉంటారు, మీకు ఆమె జుట్టు తప్ప ఏమీ కనిపించదు," అంది ఆవిడ. "ఉండటమే మీ పని. కాకపోతే అది కూడా పనే, చిన్నదనుకోకండి."

బొమ్మలన్నీ విప్పి మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఈసారి దిండు కిందికి కట్టింది, మడమల కింద తువ్వాలు పెట్టింది, తన ఒళ్ళు తానే తడుముకుని చూసుకుంటూ తీగ వంచింది. చివరి బొమ్మకు చీర కుడుతున్న ఉదయం, అతను బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే, ఆమె దారం కొరికి, సూది గుడ్డకు గుచ్చి, "ఏవండీ, మొదలైనట్టుంది," అంది.

అత్తగారు వచ్చి పెద్దపిల్లను చూసుకోవడానికి కూర్చుంది. ఆటో ఎక్కేముందు అల్లుణ్ణి పక్కకి పిలిచి, పోనీ నేను వెళ్ళనా బాబూ అని అడిగింది. ఎగతాళి లేదు ఆ మాటలో, నిజంగా జాలిపడే అడిగింది. అతని నోటిదాకా సరే అన్న మాట వచ్చింది. ఆటోలో కూర్చున్న భార్య ఇటు చూడకుండా తన చేతిసంచీ మీద చూపు నిలిపి ఉంది. వినీ విననట్టు ఉన్నప్పుడు ఆమె అలాగే కూర్చుంటుంది. వద్దత్తయ్యా, నేనే వెళ్తానని ఎక్కేశాడు.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఇనప కమ్ముల మంచం, పక్కన బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం, మూలన చుట్టిన చాప, ఎత్తు తక్కువ స్టూలు, నీలం తెరల కిటికీ. మొదట్లో అంతా బాగానే సాగింది. ఇద్దరూ గదిలో ఈ గోడనుంచి ఆ గోడకు నడిచారు. నొప్పి వచ్చినప్పుడు ఆమె అతని మెడ పట్టుకుని వేలాడేది, పోయాక కండక్టరు ఇప్పుడు మిమ్మల్ని చూస్తే ఏమంటాడో అని నవ్వేది. సిస్టరు వచ్చి చూసి, అంతా సవ్యంగా ఉంది, కంగారేం లేదని చెప్పి పక్కగదికి వెళ్ళింది. అతను తనలో తాను అనుకున్నాడు, ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్ళూ హడలిచచ్చానని.

మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. ఒకటి పోకముందే ఇంకొకటి వచ్చింది. ఉన్నట్టుండి ఆమె అతని చేయి విదిలించుకుని మంచమెక్కి వెల్లకిలా పడుకుంది. రెండు చేతులా కమ్ములు పట్టుకుంది, కాళ్ళు బిగదీసుకుంది, చూపు ఫ్యాను మీద నిలిపింది. సిస్టరు వచ్చి పక్కకి తిరగమంటే వినలేదు. లేచి కూర్చోమంటే వినలేదు. నన్ను కదపొద్దు అని ఒక్కటే మాట. ఆరేళ్ళ కిందటి ఆడమనిషి మళ్ళీ వచ్చి ఆ మంచం మీద పడుకున్నట్టయింది. ఇన్ని బొమ్మలు చేసిన మనిషికి ఒక్క బొమ్మా గుర్తు లేదు.

బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, ప్రమాదం ఏమీ లేదని, కాకపోతే ఇలా బిగుసుకుపోతే చాలాసేపు పడుతుంది, అలిసిపోతుంది, ఆ తర్వాత పెద్ద డాక్టరుని పిలవాల్సి రావచ్చని సిస్టరు అతనితో చెప్పింది. బలవంతంగా ఎవర్నీ దింపం, తనకు అనిపించాలి అంది. అప్పుడు నొప్పితో ఆమె వేసిన కేకకు అతని వీపు వెళ్ళి తలుపుకు తగిలింది. తను ఎప్పుడు అంత వెనక్కి నడిచాడో అతనికే తెలియదు. చేయి వెనక్కి పోయి గడియ మీద ఆనింది.

సరిగ్గా అప్పుడే కుర్ర నర్సు, ఆమె పెదాలు ఎండిపోయాయి, బయట కుళాయి దగ్గర సీసా నింపి తెస్తారా అని ఖాళీ సీసా ఇతని చేతికి ఇవ్వబోయింది.

ఎంత గౌరవమైన దారి. ఎవరూ తప్పుపట్టరు. పారిపోయాడని అనరు. నీళ్ళకోసం వెళ్ళాడంటారు. గడియ చల్లగా వేళ్ళకు తగులుతోంది. బయటికి వెళ్తే ఆ సీసా నిండుతుంది, తన కాళ్ళు మాత్రం ఇటు తిరగవు, ఆ సంగతి అతనికి తన బస్సు బ్రేకు ఎక్కడ పడుతుందో తెలిసినంత బాగా తెలుసు. భార్య తల తిప్పి చూడలేదు. ఆమె చెవి మాత్రం ఇటే ఉందని అతనికి అనిపించింది.

"నేను బయటికి వెళ్ళనమ్మా. వెళ్తే రాలేను," అన్నాడు. "నీళ్ళు ఇంకెవరితోనైనా తెప్పించు."

కుర్ర నర్సు విస్తుపోయి తనే వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఇప్పుడిక ఏం చేయాలి? ధైర్యం చెప్పడం అతనికి రాదు. నాలుగు మంచి మాటలు కూడగట్టే లోపు రెండు స్టాపులు దాటిపోతాయి. వచ్చిందల్లా ఈ నెలరోజులూ ముందుగదిలో చేసిన పనే. మంచం పక్కకి వచ్చాడు, ఆమె తలకు దగ్గరగా, ఇనప కమ్మి పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. చొక్కా గుండీ ఒకటి తెగింది. మడమలు లేచాయి. నోరు తెరిచి గట్టిగా ఊపిరి వదిలాడు. సిస్టరు చూసి ఏదో అనబోయి ఊరుకుంది.

ఆ బుసకు ఆమె తల ఇటు తిప్పింది. మంచం అంచున చెమటలు కారుతున్న పెద్ద మొహం ఒకటి కనిపించింది.

"ఏం చేస్తున్నారు?" అంది, నొప్పి సందులో.

"ఈజిప్టు," అన్నాడు.

ఆమె పెదవి చివర నవ్వు లాంటిది కదిలి పోయింది. తర్వాత మొహంలో నవ్వు కాదు, చిరాకు వచ్చింది. ఒరిగిపోయిన బొమ్మను చూసినప్పుడు వచ్చే చిరాకే. "మడమలు చూడండి, గాల్లో ఉన్నాయి. పడిపోతారు," అంది. అతను సర్దుకోబోయి ఇంకా ఒరిగాడు. "అలా కాదండీ. కాళ్ళు ఎడంగా పెట్టాలి. మోకాళ్ళు బయటికి. అయ్యో, ఎన్నిసార్లు చెప్పాను. ఉండండి." అని కమ్మి వదిలేసి, లేచి కూర్చుని, ఒక కాలు కిందికి పెట్టింది. సిస్టరు రెండంగల్లో వచ్చి చేయి అందించింది. ఆ చేయి పట్టుకున్నానన్న ధ్యాస కూడా లేకుండా ఆమె దిగింది. మొగుడి మడమలు సరిచేయడానికి దిగింది, అంతే. దిగాక ఒక పెద్ద నొప్పి వచ్చి, ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా గొంతుక్కూర్చుని, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఉన్నారు. ఆమె దవడ వదులైంది. కడుపులోంచి బయలుదేరిన మూలుగు గదంతా నిండింది. ఇందాకటి కేకకీ దీనికీ తేడా అతనికి కూడా తెలిసింది.

దిగుతోంది, బిడ్డ దిగుతోంది అంది సిస్టరు. స్టూలు గోడకు జరిపించింది. అతను కూర్చున్నాడు. ఆమె అతని మోకాళ్ళ మధ్య వెనక్కి ఆనుకుంది. చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి పట్టుకున్నాడు. మడత తువ్వాలు ఎవరూ చెప్పకుండానే ఆమె మడమల కిందికి తోశాడు. ఆ తర్వాత అతనికి నిజంగానే జుట్టు తప్ప ఏమీ కనిపించలేదు. తడిసిన జుట్టు, పాపిట, చెవి వెనక చిన్న పుట్టుమచ్చ. ఆ మచ్చ అక్కడ ఉందని ఇన్నేళ్ళలో అతను చూడనేలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె బరువంతా అతని చేతుల్లోకి వచ్చేది, పోగానే తేలికయ్యేది. ఆమె తన చేతులు పైకెత్తి అతని మెడ వెనక పెనవేసింది. మెడ విరుగుతుందనుకున్నాడు. విరిగితే విరగనీ అనుకున్నాడు.

ఇప్పుడు తొయ్యకు, ఊపిరి వదులు, అంతే, బంగారం, ఇంకొక్కసారి అంటున్న సిస్టరు గొంతు ఎక్కడో కింద వినిపించింది. ఉన్నట్టుండి ఆ బరువు జారిపోయింది. తర్వాత ఏడుపు, కోపంగా, కొత్తగా.

సిస్టరు బిడ్డను తుడిచి, అలాగే తల్లి రొమ్ము మీద పెట్టి పైన గుడ్డ కప్పింది. భార్య భుజం మీదుగా వంగి చూశాడు డ్రైవరు. ముడతలు పడ్డ మొహం, మూసిన పిడికిళ్ళు. అప్పుడే చాప మీద రక్తం కూడా కనిపించింది. కళ్ళు తిరిగాయి. కానీ అడుగెత్తు స్టూలు మీద, వెనక గోడ, ముందు పెళ్ళాం, రెండు పక్కలా చోటు లేదు. పడిపోవడానికి వీల్లేని పద్ధతిలో ఇరుక్కున్నాడు. కాసేపటికి ఆ తిరుగుడు దానంతట అదే తగ్గింది. ఎవరూ పళ్ళరసం తేవాల్సిన అవసరం రాలేదు. రక్తం అక్కడే ఉంది, అతనూ అక్కడే ఉన్నాడు.

ఆడపిల్ల అని సిస్టరు చెప్పింది. మాయ కూడా సవ్యంగా బయటికి వచ్చేసిందని, ఇద్దరూ బ్రహ్మాండంగా ఉన్నారని, కుట్టు కూడా ఒక్కటే పడుతుందని, కాసేపాగి మంచం మీదికి మారుద్దామని అంది. కుర్ర నర్సు నీళ్ళ సీసా తెచ్చి ముందు తల్లికి పట్టి, తర్వాత అడగకుండానే తండ్రికి కూడా పట్టింది.

డ్రైవరుకు ఏడుపు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. సంతోషం అందులో ఉంది, కానీ ఎక్కువ పాలు మాత్రం బతికిపోయానన్న ఊరటే. ఆరేళ్ళుగా గుండెలో బిగించుకున్నదేదో విడిపోయి కళ్ళలోంచి కారుతోంది. ముక్కు ఎగబీలుస్తూ, పైకి వినపడకుండా ఉండాలని చూశాడు. ఆమె వీపు అతని రొమ్ముకు ఆనే ఉంది కాబట్టి, ఒక్క వెక్కైనా ఆమెకు తెలియకుండా పోలేదు.

"ఇక లేవండి నాయనా, కాళ్ళు పట్టేసి ఉంటాయి. మేం పట్టుకుంటాం," అంది సిస్టరు.

నిజమే, నడుం కింద అతనికి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. లేవబోయాడు. బిడ్డ మీదున్న ఆమె చేతుల్లో ఒకటి కిందికి దిగి అతని మణికట్టు పట్టుకుంది.

"కాసేపు ఉండనివ్వండి సిస్టర్," అంది భార్య. తర్వాత తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకునే అతనితో అంది: "ఏడిస్తే ఏడవండి గానీ, కదలకండి. నాకు నిద్రొస్తోంది."

ఆ మాట అన్నంతసేపైనా పట్టలేదు, ఆమె నిజంగానే నిద్రపోయింది. ఇద్దరి బరువూ మోస్తూ, కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేయి తీయకుండా, డ్రైవరు అలాగే కూర్చున్నాడు.